వడ్డన వరస: ఎక్స్‌ప్రెస్ లోపలి పనితనం

మా కాలనీ గ్రంథాలయంలో రెండు బీరువాల పుస్తకాలు, ఒక పొడవాటి రిజిస్టరు ఉన్నాయి. ఎవరు ఏ పుస్తకం పట్టుకెళ్లారో, ఎప్పుడు తిరిగిచ్చారో మాస్టారు ఆ రిజిస్టర్లో నీలం సిరాతో రాసుకునేవారు. నేను ఫుల్‌స్టాక్ నేర్చుకుంటున్న రోజుల్లో, దాని బదులు ఒక చిన్న వెబ్ అప్లికేషన్ తయారుచేసి ఇస్తానన్నాను. పని ఒక కొలిక్కి వచ్చిన సాయంత్రం మాస్టారు వచ్చి పక్కన కూర్చున్నారు. "రచయిత పేరు కొడితే పుస్తకాలు వస్తాయామ్మా?" అన్నారు. "కొట్టి చూడండి మాస్టారూ" అన్నాను. ఆయన ఒక్కో మీటా వెతుక్కుంటూ 'వేమన' అని కొట్టారు. పేజీ వచ్చింది. పద్యాల పుస్తకం మూడు ప్రతులు. రెండు బీరువాలో, ఒకటి బయట. ఆయన తలూపి, కళ్లజోడు జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

నేను సర్వర్ లాగ్ చూస్తూ ఉండిపోయాను. రచయిత పేరు పేజీ చిరునామాలోనే చేరేలా రాశాను కాబట్టి అక్కడ 'వేమన' కనిపించాలి. కనిపించలేదు. దాని బదులు శాతం గుర్తులూ అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ కలిసిన 36 గుర్తుల దండ ఒకటి ఉంది. వేమన అంటే మన కంటికి మూడక్షరాలు. కంప్యూటర్ ఏత్వాన్ని విడిగా లెక్కపెడుతుంది కాబట్టి దానికి నాలుగు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, మొత్తం 12. చిరునామాలో ఒక్కో బైటునూ శాతం గుర్తు, దాని వెనక రెండు గుర్తులుగా రాస్తారు కాబట్టి 36. ఇక్కడి వరకు లెక్క సరిపోయింది. మరి ఆ 36 మళ్లీ వేమనగా ఎక్కడ మారాయి? నా కోడ్‌లో ఆ పని ఎక్కడా లేదు. నా కంటే ముందే ఎవరో నా భాష గురించి ఆలోచించి చేసిపెట్టారు. వాళ్ల పని చూద్దామని, నేను వాడిన ఎక్స్‌ప్రెస్ అనే ఫ్రేమ్‌వర్క్ కోడ్ తెరిచాను. ఒక్క రాత్రికి చదివేద్దామనుకున్నది కొన్ని వారాలు చదివాను. ఈ వ్యాసం ఆ చదువు గురించే.

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల తిరిగినవారికి 'మెర్న్ స్టాక్' అన్న బోర్డులు కొత్త కాదు. మాంగోడీబీ, ఎక్స్‌ప్రెస్, రియాక్ట్, నోడ్ అనే నాలుగు పేర్ల తొలి అక్షరాలు కూర్చి కట్టిన మాట అది. నేర్చుకునేవాళ్ల కళ్లన్నీ రియాక్ట్ మీద ఉంటాయి. తెర మీద కనిపించేది అదే కదా. డేటాబేస్‌కు దాని గౌరవం దానికి ఉంది. నడుమనున్న ఎక్స్‌ప్రెస్‌ను మాత్రం నాలుగు లైన్లు రాసి, సర్వర్ లేచిందని చూసుకుని దాటేస్తాం. నేనూ అలాగే దాటేశాను. ఇప్పుడు నా అభిప్రాయం మారింది. ఫుల్‌స్టాక్ అనే మాటకు అర్థం తెలిసేది ఆ నడుమ చోటే.

ముందు దాని పుట్టుక. 1995లో బ్రెండన్ ఐక్ నెట్‌స్కేప్ బ్రౌజర్ కోసం పది రోజుల్లో తొలి రూపం ఇచ్చిన జావాస్క్రిప్ట్ చాలా ఏళ్లు బ్రౌజర్‌ గడప దాటలేదని చెప్పవచ్చు; దాటించే ప్రయత్నాలు జరిగినా నిలదొక్కుకోలేదు. 2009లో రయన్ డాల్, గూగుల్ క్రోమ్‌లో ఉండే వీ8 ఇంజిన్ను తీసుకుని దాని చుట్టూ నోడ్‌ను కట్టి, ఆ నవంబరులో బెర్లిన్‌లో జరిగిన జావాస్క్రిప్ట్ సభలో చూపించారు. ఫైలు చదవమనో, డేటాబేస్‌ను అడగమనో చెప్పి, జవాబు వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోకుండా మరో రిక్వెస్ట్ సంగతి చూడటం నోడ్ స్వభావం. అయితే నోడ్ మన చేతికి ఇచ్చేది ముడి సరుకు. రిక్వెస్ట్ వస్తే ఒక ఫంక్షన్‌ను పిలుస్తుంది, అంతే. ఏ చిరునామా, ఏ పద్ధతి, ఫారంలో ఏం రాశారు అన్నవన్నీ ఆ ఒక్క ఫంక్షన్‌లో మనమే తేల్చుకోవాలి. పేజీలు పదైతే అందులో 'ఇదైతే అది, అదైతే ఇది' అన్న నిచ్చెన చాంతాడంత అవుతుంది. 2010లో టీజే హొలోవేచుక్ ఆ నిచ్చెన తీసేసి ఎక్స్‌ప్రెస్‌ను ఇచ్చారు. రూబీ భాషలో 2007 నుంచి ఉన్న సినాత్రా అనే చిన్న ఫ్రేమ్‌వర్క్ ఆయనకు స్ఫూర్తి.

ఆయన ఎంచుకున్న అమరిక అర్థం కావాలంటే పెళ్లి బంతి గుర్తు చేసుకుంటే చాలు. ఒకరు ఆకు వేసి పోతారు. వెనకే నీళ్లు చల్లేవారు, ఆ వెనక ఊరగాయ, పప్పు, అన్నం, నెయ్యి. పప్పు గరిట పట్టుకున్న మనిషికి తన వెనక వచ్చేది పులుసో పెరుగో తెలియనక్కర్లేదు. తన పని చేసి పక్క ఆకుకు జరుగుతాడు. కానీ వరస తప్పకూడదు. ఆకు వేయకముందే అన్నం వస్తే పెట్టడానికి చోటుండదు. ఎక్స్‌ప్రెస్‌లో రిక్వెస్ట్ ఆ ఆకు. మిడిల్‌వేర్ అని పిలిచే ఫంక్షన్లు వడ్డించేవాళ్లు. ఒకటి వచ్చిన సమయం రాసుకుంటుంది, ఒకటి కుకీ చూసి మనిషిని గుర్తుపడుతుంది, ఒకటి రిక్వెస్ట్‌తో వచ్చిన జేసన్‌ను విప్పి పెడుతుంది. ప్రతిదానికీ మూడే వస్తువులు అందుతాయి: వచ్చిన రిక్వెస్ట్, పంపాల్సిన రెస్పాన్స్, 'నెక్స్ట్' అనే పిలుపు. పని ముగిస్తే జవాబు పంపాలి, లేదా నెక్స్ట్ అనాలి.

రెండూ చేయకపోతే? మొదటి వారంలోనే నాకు అనుభవమైంది. సభ్యుల నంబరు సరిచూసే ఫంక్షన్‌లో నెక్స్ట్ పిలవడం మరిచిపోయాను. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు. బ్రౌజర్‌లో చక్రం తిరుగుతూనే ఉంది. గరిట పట్టుకున్న మనిషి ఒక ఆకు ముందు అలాగే నిలబడిపోతే ఆ ఆకు ముందు కూర్చున్న అతిథి గతి ఏమిటో ఆ రాత్రి తెలిసింది. పక్క ఆకులకు మాత్రం ఏ లోటూ లేదు. ఆ చక్రం తిరుగుతుండగానే ఇంకో ట్యాబ్‌లో మిగతా పేజీలన్నీ చక్కగా తెరుచుకున్నాయి. అదెలా సాధ్యమైందో చూస్తే కోడ్‌లో నాకు అన్నిటికంటే అందంగా తోచిన చోటు దొరికింది.

ఎక్స్‌ప్రెస్‌లో ఏ చిరునామా ఎవరికో తేల్చే రూటర్ దగ్గర ఒక పట్టీ ఉంటుంది. మనం 'యూజ్' అన్నా 'గెట్' అన్నా ఆ పట్టీ చివర ఒక లేయర్ చేరుతుంది. లేయర్ అంటే ముఖ్యంగా రెండు: ఏ దారికి వర్తిస్తుందో చెప్పే నమూనా, వర్తిస్తే పిలవాల్సిన ఫంక్షన్. రిక్వెస్ట్ రాగానే రూటర్ ఒక లెక్కను సున్నా దగ్గర పెట్టి, నెక్స్ట్ అనే ఫంక్షన్‌ను అప్పటికప్పుడు పుట్టిస్తుంది. ఆ లెక్క ఆ నెక్స్ట్ కొంగున ముడివేసి ఉంటుంది. పిలిచినప్పుడల్లా అది పట్టీలో ఒక్కో మెట్టూ దిగుతూ, దారి కలిసే లేయర్ దొరికేదాకా వెతికి, దొరకగానే ఆగి దాన్ని పిలుస్తుంది. వందమంది ఒకేసారి వస్తే వంద నెక్స్ట్‌లు పుడతాయి, వంద లెక్కలు విడివిడిగా నడుస్తాయి. పట్టీ ఒక్కటే, అందరికీ అదే. నా నిలిచిపోయిన రిక్వెస్ట్ లెక్క మూడో మెట్టు దగ్గర ఆగిపోయి ఉంటే, పక్క ట్యాబ్ లెక్క తన దారిన తాను చివరిదాకా పోయింది. పట్టీని ఎవరూ తరిగెయ్యరు, గుర్తులు పెట్టరు, తాళం వేయరు. ఇంత పని చేసే భాగం చదివితే ఒకటి రెండు తెరల నిడివి. ఇంతకంటే తక్కువలో ఇది రాయవచ్చేమోనని ప్రయత్నించాను. తీసేయడానికి ఏమీ దొరకలేదు.

ఆ నెక్స్ట్‌లోనే ఇంకో చిన్న లెక్క ఉంది, త్వరగా చదివితే కంటికి ఆనదు. ఆగకుండా వెంటవెంటనే వందకు పైగా లేయర్లు దాటితే, నెక్స్ట్ ఒక్క క్షణం ఊపిరి తీసుకుంటుంది. మిగతా పనిని నోడ్ తర్వాతి చుట్టుకు వాయిదా వేసి మళ్లీ మొదలుపెడుతుంది. ఒక ఫంక్షన్ ఇంకోదాన్ని, అది మరోదాన్ని పిలుచుకుంటూ పోతే మెమరీలో పిలుపులు ఒకదాని మీద ఒకటి పేరుకుని చివరికి కూలిపోతాయి. అలా కూలకుండా ఈ కాపు. వంద మిడిల్‌వేర్లు వెంటవెంటనే దాటే అప్లికేషన్ ఎందరికి ఉంటుంది? ఉన్న ఆ కొద్దిమంది కోసం, మిగిలినవారికి ఏ బరువూ లేకుండా పెట్టిన రెండు మూడు లైన్లివి. ఇలాంటివి చూసినప్పుడే రాసినవాళ్ల మీద గౌరవం కలుగుతుంది.

మరో అందం కూడా ఉంది. ఎక్స్‌ప్రెస్‌తో మొదటి లైనులోనే 'యాప్' అని ఒకటి తయారుచేసుకుంటాం. చూడటానికి అదేదో పెద్ద యంత్రంలా ఉంటుంది. నిజానికి అదీ ఒక ఫంక్షనే, రిక్వెస్ట్, రెస్పాన్స్, నెక్స్ట్ అనే అదే మూడింటిని తీసుకునే ఫంక్షన్. గెట్, యూజ్, లిజన్ లాంటి పనులన్నీ దానికి తర్వాత తొడిగిన నగలు. దాంతో ఏమవుతుందంటే, మొత్తం యాప్‌నే ఇంకో యాప్ పట్టీలో ఒక లేయర్‌గా నిలబెట్టవచ్చు. బంతిలో ఒక వడ్డించే మనిషి ఉన్న చోట ఒక వంటశాలనే తెచ్చి పెట్టినట్టు. నా గ్రంథాలయంలో సభ్యుల భాగాన్ని విడిగా రాసి 'సభ్యులు' అనే దారి కింద అమర్చాను. ఆ భాగంలోకి అడుగుపెట్టేటప్పుడు చిరునామా ముందున్న 'సభ్యులు' అనే ముక్కను రూటర్ తీసి పక్కన పెడుతుంది, బయటికి వచ్చేటప్పుడు మళ్లీ అతికిస్తుంది. లోపలి కోడ్‌కు తాను ఏ ఇంట్లో అద్దెకు ఉందో తెలియదు. రేపు దాన్ని ఇంకో అప్లికేషన్‌కు తీసుకుపోయినా ఒక్క అక్షరం మార్చనక్కర్లేదు.

ఇప్పుడు వేమన దగ్గరికి. చిరునామాలో మారే భాగాన్ని, అంటే రచయిత పేరున్న ముక్కను, విప్పే పని లేయర్‌ది. నమూనాకు సరిపోయిన ప్రతి ముక్కనూ అది శాతం గుర్తుల నుంచి అసలు అక్షరాలకు మార్చి మన ముందు పెడుతుంది. నేను వెతుకుతున్న చోటు అదే. కానీ అక్కడ విప్పడం కంటే నన్ను ఆపింది దాని కింది లైన్లు. ఆ దండ మధ్యలో తెగిపోతే? తెలుగు లింకు ఒకటి వాట్సాప్‌లో అతికించేటప్పుడు చివర కొంచెం పోయిందనుకోండి. మూడు బైట్లలో రెండే వస్తే ఏ అక్షరమూ కాదు. అప్పుడు జావాస్క్రిప్ట్ ఎర్రర్ విసురుతుంది. లేయర్ దాన్ని పట్టుకుని, 400 అనే నంబరు తగిలించి మళ్లీ విసురుతుంది. 500 అంటే సర్వర్‌లో లోపం, 400 అంటే వచ్చిన రిక్వెస్టే సరిగా లేదు. చిన్న తేడా అనిపిస్తుంది. అర్ధరాత్రి 500 చూసి ఉలిక్కిపడి లేచే మనిషికి అది చిన్న తేడా కాదు.

జవాబు తిరిగి వెళ్లేటప్పుడు కూడా అంతే శ్రద్ధ. 'సెండ్' అని మనం ఒక్క మాట అంటాం. అది ముందు మనం ఇచ్చింది ఏమిటో చూస్తుంది. వాక్యమైతే హెచ్‌టీఎంఎల్ అని, వస్తువైతే జేసన్ అని ముద్ర వేస్తుంది. వాక్యమైతే అక్షరాలు యూటీఎఫ్-8 అని పక్కనే రాస్తుంది, లేకపోతే బ్రౌజర్ మన గుణింతాలను చెత్త గుర్తులుగా చూపించే ప్రమాదముంది. తర్వాత పొడవు చెప్పాలి. ఇక్కడ అక్షరాలు లెక్కపెడితే కొంప మునుగుతుంది: వేమన పొడవు నాలుగని చెప్పి పన్నెండు బైట్లు పంపితే బ్రౌజర్ నాలుగు తీసుకుని తలుపు వేసేస్తుంది, మొదటి గుర్తు, రెండో గుర్తులో ఒక ముక్క మాత్రమే అందుతాయి. ఇంగ్లీషులో రాసుకునేవారికి ఈ తప్పు ఎప్పటికీ కనపడదు, వాళ్ల అక్షరానికి ఒకటే బైటు కాబట్టి. ఎక్స్‌ప్రెస్ బైట్లే కొలుస్తుంది. తెలుగులో పని చేసే మనకు ఇది వరమని నేననుకుంటాను.

కోడ్‌లో ఎర్రర్ల సంగతికి వస్తే నా మెప్పు కొంచెం తగ్గుతుంది. నెక్స్ట్ అని ఊరికే అంటే తర్వాతి మనిషి దగ్గరికి. నెక్స్ట్ చేతిలో ఒక ఎర్రర్ పెట్టి అంటే, మామూలు వాళ్లందరినీ దాటి ఎర్రర్లు చూసే మనిషి దగ్గరికి నేరుగా. ఆలోచన గొప్పది, తప్పు ఎక్కడ జరిగినా దాన్ని చూసుకునే చోటు ఒకటే. కానీ ఎర్రర్లు చూసే మనిషిని రూటర్ ఎలా గుర్తుపడుతుంది? ఫంక్షన్ ఎన్ని వస్తువులు తీసుకుంటుందో లెక్కపెడుతుంది. నాలుగైతే ఎర్రర్ కోసం, మూడో అంతకు తక్కువో అయితే మామూలుది. తెలివైన పద్ధతి, పేర్లూ పట్టీలూ అక్కర్లేదు. అయితే నాలుగోదైన నెక్స్ట్‌ను నేను వాడటం లేదు కదా అని ఒకరోజు శుభ్రం చేస్తూ తీసేశాను. ఆ క్షణం నుంచి అది మామూలు మిడిల్‌వేర్ అయిపోయింది. ఎర్రర్లు దాన్ని పట్టించుకోకుండా దాటిపోయాయి. కోడ్ చదివితే ఎక్కడా తప్పు కనపడదు. వాడని వస్తువు ఉండటమే అర్థంగా పెట్టుకున్న అమరికను నేను మనసారా మెచ్చుకోలేను. 'గెట్' అనే మాట విషయంలోనూ అంతే: రెండు వస్తువులిస్తే అది దారి వేస్తుంది, ఒకటే ఇస్తే ఎప్పుడో దాచిన సెట్టింగు తీసిస్తుంది. నున్నగా చిత్రిక పట్టిన పలకలో అలాంటి చోట్ల చేతికి గరుకు తగులుతుంది.

ఇంకో లోటు చాలా ఏళ్లు ఉండిపోయింది. ఎక్స్‌ప్రెస్ 4 వచ్చింది 2014 ఏప్రిల్‌లో. జవాబు కోసం ఆగాల్సిన పనులను మామూలు వరస వాక్యాల్లా రాసుకునే 'ఎసింక్ అవెయిట్' అప్పటికి జావాస్క్రిప్ట్‌లో లేదు. అది వచ్చి అందరూ డేటాబేస్ పనులు అలా రాయడం మొదలుపెట్టాక, అలాంటి ఫంక్షన్‌లో పుట్టిన ఎర్రర్ రూటర్ చేతికి చిక్కకుండా జారిపోయేది. మనమే ప్రతిచోటా పట్టుకుని నెక్స్ట్‌కు అందించాలి. 2024లో వచ్చిన ఎక్స్‌ప్రెస్ 5 దాన్ని సరిచేసింది. ఎలా సరిచేశారో చూడండి: లేయర్ ఫంక్షన్‌ను పిలిచి, అది తిరిగిచ్చినది ప్రామిస్, అంటే తర్వాత తేలే ఫలితానికి హామీ, అవునో కాదో చూస్తుంది, అయితే, అది విఫలమైన రోజున ఆ ఎర్రర్‌ను నెక్స్ట్‌కు అందించమని చెప్పి ఉంచుతుంది. అంతే, కొన్ని లైన్లు. 2010 నాటి ఆ చిన్న అందింపు ఎంత సరైన చోట ఉందంటే, భాషలోనే ఇంత పెద్ద మార్పు వచ్చినా దాన్ని కదపాల్సిన పని పడలేదు. ఈ మధ్యలో హొలోవేచుక్ 2014లోనే నోడ్ ప్రపంచం వదిలి వెళ్లారు, పర్యవేక్షణ చేతులు మారింది, స్వచ్ఛందంగా పనిచేసేవారు దీన్ని నిలబెట్టారు. అంతకాలం పాత కోడ్‌ను విరగ్గొట్టకుండా కాపాడటం కొత్తది కట్టడం కంటే ఓపిక కోరే పని.

ఎక్స్‌ప్రెస్ చేయనివీ చెప్పాలి. డేటాబేస్ ఏదో చెప్పదు, ఫోల్డర్లు ఎలా పెట్టుకోవాలో చెప్పదు, లాగిన్ ఇవ్వదు. పైథాన్‌లో జాంగో ఇవన్నీ సిద్ధంగా ఇస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఈ ఖాళీ భయం కలిగిస్తుంది, నాకూ కలిగింది. మిగిలిన ఒక్క ప్రతిని ఇద్దరు ఒకే క్షణంలో అడిగితే ఏం చేయాలో నేనే ఆలోచించుకోవాల్సి వచ్చింది. ముందు ఉందో లేదో చూసి తర్వాత ఇచ్చినట్టు రాస్తే, ఆ రెంటి మధ్య సందులో రెండో మనిషి దూరతాడు. 'బీరువాలో ఉంటేనే బయటికి వెళ్లినట్టు మార్చు' అని డేటాబేస్‌కు ఒకే మాటగా చెప్పి, ఎన్ని వరసలు మారాయో అడగాలి. ఒకటంటే ఇచ్చినట్టు, సున్నా అంటే అప్పటికే వెళ్లిపోయినట్టు. ఈ సంగతి ఏ ఫ్రేమ్‌వర్కూ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే నేర్చుకునేదాన్నీ కాదేమో. బ్రౌజర్‌లో బటన్ నొక్కిన దగ్గర్నుంచి డేటాబేస్‌లో ఒక వరస మారేదాకా ప్రతి మెట్టూ నా కళ్లెదుట ఉండటం ఆ ఖాళీ వల్లే సాధ్యమైంది.

మర్నాడు మాస్టారు మళ్లీ వచ్చి అదే పేజీ తెరిచారు. లాగ్‌లో 304 పడింది. 'సెండ్' పంపే ప్రతి పేజీకీ దాని సారం నుంచి ఒక చిన్న ముద్ర తయారుచేసి అతికిస్తుంది. బ్రౌజర్ రెండోసారి వచ్చినప్పుడు ఆ ముద్ర చూపిస్తే, పేజీ మారలేదు కాబట్టి నీ దగ్గరున్నదే చూసుకో అని ఖాళీ చేతులతో పంపుతుంది. మాస్టారికి ఇదంతా తెలియదు. ఆయన చూపు బయట ఉన్న మూడో ప్రతి మీద ఉంది.

"అది ఎవరి దగ్గరుందో కూడా చూపించమ్మా. కానీ అందరికీ కాదు సుమా, నాకొక్కడికే. ఎవరేం చదువుతున్నారో ఊరందరికీ ఎందుకు?"

ఆయన అన్నది సబబే. తీసుకున్నవారి పేర్లు చూపించే పేజీ ఒకటి రాసి, దాని ముందు, వరసలో ఒక ఫంక్షన్ నిలబెట్టాను. లోపలికొచ్చింది మాస్టారేనా అని అది చూస్తుంది. కాకపోతే అక్కడే ఆపేస్తుంది, అయితే నెక్స్ట్ అంటుంది. మొత్తం ఏడు లైన్లు. అప్పటిదాకా రాసిన మరే ఫంక్షన్‌నూ నేను తెరవలేదు.